కొండంత ఉప్పు, ఒక్క గంప

ఏడాది తిరిగేసరికల్లా వేళ్ళు లేని పౌరుడు ఒక్కడు కూడా మిగలకూడదని సాంస్కృతిక శాఖ మంత్రిగారు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు. వేళ్ళు ఉన్నవాళ్ళు వాటిని వెతికి పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళు నలుగురికీ పంచాలి. ఎంత వెతికినా దొరకనివాళ్ళకు శాఖే సమకూరుస్తుంది. పథకం పేరు 'మన వేళ్ళు - మన పాట'.

"జానపదం అంటే ఏమిటి? జనం పదం. జనం అంటే ఎవరు? మనం. మరి పదం ఎవరిది?" అని మంత్రిగారు గంభీరంగా అడిగారు. జవాబు తరువాతి కాగితంలో ఉంది. ఆ కాగితం ముందుదానికి అతుక్కుపోయింది. మంత్రిగారు కాసేపు హాలంతా కలయజూసి మంచినీళ్ళు తాగారు. ఇంత లోతైన ప్రశ్న వేసి ఇంత హుందాగా జవాబు చెప్పకుండా వదిలేసిన నాయకుణ్ణి తామెన్నడూ చూడలేదని మర్నాడు పత్రికలు రాశాయి.

ఆ ప్రసంగం రాసింది ఆయన పీఆర్వో. మనిషి సన్నగా ఉంటాడు. మంత్రిగారు ఏమన్నారో, ఏమనబోతున్నారో, అన్నది ఎందుకనలేదో పత్రికలవాళ్ళకు చెప్పడం అతని ఉద్యోగం. సంస్కృతి మీద అతనికి ప్రత్యేకమైన ప్రేమా లేదు, కోపమూ లేదు. కిందటేడు చేపల శాఖలో ఉన్నప్పుడు చేపల మీద కూడా ఇలాగే ఉండేవాడు.

అంతా సవ్యంగా ముగుస్తుందనుకుంటుండగా వెనక వరసలోంచి ఒక విలేఖరి లేచాడు.

"సార్, మరి మీ వేళ్ళ సంగతేమిటి?"

మంత్రిగారు చటుక్కున రెండు చేతులూ బల్ల కిందికి లాగేసుకున్నారు. రాజకీయాల్లో తల నెరిసినవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు ఒంటికి పట్టేస్తాయి.

"ఆ వేళ్ళు కాదు సార్. మీ మూలాలు. మీ తాతముత్తాతల కాలంలో పాడుకున్న పాటేదైనా ఉందా అని."

"ఓ, అవా!" అంటూ మంత్రిగారు నిదానంగా చేతులు పైకి తెచ్చుకుని, పీఆర్వో వైపు తల తిప్పారు. పీఆర్వోకు ఆ చూపు అలవాటే. అది పడగానే నోట్లోంచి ఏదో ఒక మాట దానంతటదే వచ్చేస్తుంది.

"ఆ పాటను త్వరలో మంత్రిగారే స్వయంగా ప్రజలకు అంకితం చేస్తారు" అనేశాడు.

*

గదిలోకి రాగానే మంత్రిగారు తలుపు వేయించారు.

"ఏ పాటయ్యా?"

"వెతకాలి సార్."

"ఎక్కడ?"

"తాతగారు ఎక్కడ పనిచేసేవారు సార్?"

మంత్రిగారు కళ్ళు మూసుకుని వంశంలోకి దిగారు. ఇంట్లో తాతగారి ఫోటో ఒకటుందనీ, మీసాలు తప్ప మిగతాదంతా చెదలు తినేశాయనీ, ఆ మీసాలనుబట్టి చూస్తే పెద్ద హోదానే అయి ఉంటుందనీ చెప్పారు. "సముద్రం పక్కన ఉప్పు మడులుండేవి చూడు, అక్కడ. కొలతల వ్యవహారం మొత్తం ఆయన చేతుల మీదుగానే నడిచిందట."

"కమిటీ వేద్దాం సార్" అన్నాడు శాఖ డైరెక్టరు. ఆయన అసలు పేరు నేమ్‌బోర్డు మీదే ఉంటుంది. ఆఫీసంతా పిలిచే పేరు మాత్రం కమిటీగారు. ఓసారి లిఫ్టు మధ్యలో ఆగిపోతే, మెకానిక్ వచ్చి తలుపు తెరిచేలోపే లోపలున్నవాళ్ళతో ఒక కమిటీ వేసి, తనే ఛైర్మన్ అయి, ఆగిన కారణం మీద మధ్యంతర నివేదిక కూడా సిద్ధం చేశాడని చెప్పుకుంటారు.

"కమిటీ వద్దు, పాట కావాలి" అన్నారు మంత్రిగారు.

"ఆ మడుల్లో మా పెద్దమ్మ పనిచేసేది సార్" అన్నాడు పీఆర్వో.

అని నాలిక కరుచుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. చెప్పుకునే సందర్భం రాలేదు, రాకుండా కాస్త చూసుకున్నాడు, అంతే.

మంత్రిగారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "చూశావా కమిటీ? వేళ్ళంటే ఇవీ. మన ఆఫీసులోనే ఉన్నాయి, మనమే చూసుకోలేదు."

*

మడులు మూతపడి చాలాకాలమైంది. వాటి వెనక సందులో రేకుల ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. పీఆర్వో వెళ్ళేసరికి పెద్దమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని పగిలిన మడమలకు నూనె రాసుకుంటోంది. ఉప్పునీళ్ళలో నానీ నానీ ఆ పాదాలు ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చాయి. పసివాడిగా ఉన్నప్పుడు తల్లి పోతే అతన్ని పెంచింది ఈవిడే. మడి గట్టు మీద పాకలో చీర ఉయ్యాల కట్టి, అందులో పడేసి, ఉప్పు లాగడానికి దిగేది.

"ఇదేమిట్రా, దారి తప్పావా?"

"నీకోసమే వచ్చాను పెద్దమ్మా. మడుల్లో పాడేవాళ్ళు కదా, ఆ పాట కావాలి."

"నీకెందుకు? ఆఫీసులో పనేం లేదా?"

"ఇదే పని."

"పాట వింటే జీతమిస్తారా!" పెద్దమ్మ నూనెగిన్నె పక్కన పెట్టేసింది. "మేం పాడితే కూలి కోసేవాళ్ళురా."

పొడుగావిణ్ణీ, బొంగురుగొంతావిణ్ణీ కేకేసి పిలిచింది. ఇద్దరూ ఆమెతోపాటు మడుల్లో నడుములు వంచినవాళ్ళే. ఎవరు ఎత్తుకోవాలి, ఎవరు అందుకోవాలి అన్నదాని మీద ముగ్గురికీ కాసేపు మాటామాటా అయింది. పొడుగావిడ అలిగి గోడవైపు తిరిగి కూర్చుంది. చివరికి పెద్దమ్మే ఎత్తుకుంది.

*కొలిచే మామా, కొలిచే మామా,*
*కొండంత ఉప్పు ఒక్క గంపే మామా!*

*ఒక్క గంపే, ఒక్క గంపే, ఓ మామా!* అంటూ అలిగినావిడ గోడవైపు తిరిగే అందుకుంది.

పీఆర్వో ఫోన్లో రికార్డు చేస్తున్నాడు. సంతోషంతో ఒళ్ళు పులకరించింది. కొలతల విభాగం ఉంది, కొండంత పొగడ్త ఉంది, బంధుత్వం కూడా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

"చాలు పెద్దమ్మా, చాలు."

"చాలేమిట్రా! మామ ఇంకా మడి దగ్గరికే రాలేదు" అని పెద్దమ్మ రెండో చరణం ఎత్తుకుంది.

*గంప కింద గుంటేదో ఉందట మామా,*
*గుంట కింద గుంటేమో నీ పొట్టట మామా!*

పీఆర్వో వేలు ఫోన్ మీద ఆగిపోయింది. "గుంటేమిటి?"

"గుంటంటే గుంటే. గంపకు అడుగు ఊడగొట్టి గుంట మీద పెట్టేవాడు. పైనుంచి చూస్తే గంపే కదా! మేం పోస్తూనే ఉండేవాళ్ళం, ఆయన చూస్తూనే ఉండేవాడు. గుంట నిండి, ఆ పైన గంప నిండితే 'ఒక్క గంప' అని గట్టిగా అరిచేవాడు."

"మరి మీరు ఊరుకున్నారా?"

"ఊరుకున్నామని ఎవరన్నారు? పాట కట్టాం."

ముగ్గురూ పడీపడీ నవ్వారు. పీఆర్వోకు నవ్వు రాలేదు. "ఆయనకు మీసాలుండేవా?" అని అడిగాడు.

"మీసాలకు మూడో చరణముందిరా. మీసమేమో పైకి చూసె, చెయ్యేమో కిందికి చూసె..." అని పాడబోయి పెద్దమ్మ ఆగింది. "మీ మంత్రి టీవీలో కనబడినప్పుడల్లా వీళ్ళతో అంటూనే ఉన్నాను. ఆ మొహానికి మీసం తగిలిస్తే అచ్చం కొలిచే మామేనని. మనవడా ఏమిటి?"

పీఆర్వో సందు చివరి దాకా నడిచాడు. కారు ఎక్కేముందు రికార్డింగును మొదటి చరణం దగ్గర కత్తిరించాడు.

*

మంత్రిగారు ఆ ఒక్క చరణాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"కొండంత ఉప్పు... ఒక్క గంప! ఎలా సాధ్యమయ్యా?"

"అదే సార్, చూసినవాళ్ళకే అంతుబట్టలేదట" అన్నాడు పీఆర్వో. అందులో అబద్ధమేమీ లేదు.

"సమర్థత సార్" అన్నాడు కమిటీగారు. "తక్కువ వనరులతో ఎక్కువ పని. ఈ కాలంలో విదేశాలకు వెళ్ళి నేర్చుకొస్తున్నారు. మనకు తాతల నాడే ఉంది."

ఆ మాటతో పథకం ఊపందుకుంది. 'కొండంత పని - ఒక్క గంప' అన్నది ప్రభుత్వ నినాదమైంది. బడిపిల్లలు పొద్దున్నే వరసల్లో నిలబడి కొలిచే మామను పిలిచారు. బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో, నీళ్ళ బిల్లు కట్టే కౌంటర్ల దగ్గర మామే మోగాడు. ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా, ఎవరూ ఎత్తనంతసేపూ ఆ పాటే వినబడేది కాబట్టి ప్రజలకు తొందరగానే నోటికొచ్చింది. ఒక ప్రొఫెసరు పత్రికలో సుదీర్ఘ వ్యాసం రాశారు. 'మామా' అన్న పిలుపులో శ్రామిక స్త్రీలకు అధికారి పట్ల ఉన్న ఆత్మీయత ఉట్టిపడుతోందనీ, ఇంత చక్కటి పారిశ్రామిక సంబంధాలు చరిత్రలో అరుదనీ తేల్చారు.

ఇక మంత్రిగారు మడులు చూడటానికి బయల్దేరారు. ఎండిన మడిలో కొత్త ఉప్పు లారీలో తెచ్చి పోయించారు. ఆయన పంచె ఎగ్గట్టి, ఉప్పు లాగే చెక్క పట్టుకుని, ఫోటోలవాళ్ళు చాలన్నదాకా లాగారు. ఎటు లాగాలో తెలియక తన కాళ్ళ మీదికే లాక్కున్నారు. తరువాత పెద్దమ్మ పక్కన నులక మంచం మీద కూర్చున్నారు.

"అమ్మా, మా తాతగారిని మీరు చూశారా?"

"చూడకపోవడమేమిటి బాబూ, పొద్దుపొడిచింది మొదలు ఆయన్నే చూసేవాళ్ళం. కన్ను తిప్పితే కష్టం."

"అంత ఆకర్షణ!" అన్నారు మంత్రిగారు పీఆర్వోతో. "మీ అందరితో ఎలా ఉండేవారమ్మా?"

"ఆయనకు అందరూ ఒకటే బాబూ. ఒకళ్ళని ఎక్కువ, ఒకళ్ళని తక్కువ చూసిన పాపాన పోలేదు."

"సమానత్వం" అన్నాడు కమిటీగారు.

"ఆయన పోయినప్పుడు బాధపడ్డారా?"

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "మర్నాడు ఒక్క గంప పోస్తే నిండిపోయింది బాబూ. నిండేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. చేతులు కట్టుకుని అలా నిలబడిపోయాం."

మంత్రిగారు జేబురుమాలు తీశారు. పీఆర్వో సముద్రం వైపు చూశాడు.

వెళ్ళబోతూ మంత్రిగారు రాజధానిలో పెద్ద సభ పెడుతున్నామనీ, పెద్దమ్మ వచ్చి ఆ పాటను లక్షలమంది ముందు పాడాలనీ అడిగారు.

"మైకుంటుందా?" అంది పెద్దమ్మ.

"బోలెడన్ని!"

"అయితే వీళ్ళిద్దరికీ చెరొకటి ఇప్పించండి బాబూ. లేకపోతే నన్ను బతకనివ్వరు."

*

సభ రోజు పొద్దుటినుంచీ పీఆర్వో పెద్దమ్మ చుట్టూనే తిరిగాడు.

"ఒక్క చరణం, పెద్దమ్మా. నీకు దండం పెడతాను. పాడి, నమస్కారం పెట్టి, దిగిపో."

"అలాగేలేరా."

"పెద్దమ్మా, నా ఉద్యోగం."

"అలాగే అన్నాను కదా! ఈ చీర బాగుందా? అంచు మరీ మెరుస్తోందేమో."

మంచి మనసుతోనే అంది. పాడే ముందు నిజంగానే ఒక్క చరణమే అనుకుంది. కానీ వేదిక మీదికి వచ్చి మైకు ముందు నిలబడి, ఎదురుగా కనుచూపుమేర తలలే తలలు చూసేసరికి, ఆ పాట పుట్టాక మొట్టమొదటిసారి దాన్ని గట్టిగా పాడుకోవచ్చని ఆమెకు తట్టింది. మడుల్లో ఎప్పుడూ గొంతు తగ్గించే పాడేవాళ్ళు. మామ ఇటు తిరిగితే ఆపేసేవాళ్ళు.

మొదటి చరణానికి సభంతా గొంతు కలిపింది. అందరికీ వచ్చిందే. మంత్రిగారు తొడమీద తాళం వేస్తున్నారు. పెద్దమ్మ నమస్కారం పెట్టింది. చేతులు దించింది. దిగలేదు. గుంట చరణం ఎత్తుకుంది.

సభ ఒక్క క్షణం గతుక్కుమంది. ఎక్కడో వెనకవైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఈలోగా పొడుగావిడా, బొంగురుగొంతావిడా ఒక్క గంపే, ఒక్క గంపే అని అందుకున్నారు. తెలిసిన వరస వచ్చేసరికి జనం కూడా అందుకున్నారు. మూడో చరణానికి మీసం పైకి చూసింది, చెయ్యి కిందికి చూసింది, జనం వేదిక వైపు చూశారు. మంత్రిగారి చెయ్యి తాళం వేస్తూనే ఉంది కానీ కాస్త ఆలస్యంగా పడుతోంది.

"మైకు కట్ చేయించు!" అని కమిటీగారు పీఆర్వో చెవిలో అరిచాడు.

సౌండ్ ఆపరేటరు పక్కనే ఉన్నాడు. పీఆర్వో చెయ్యెత్తితే చాలు. ఎత్తాడు కూడా. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, నడుం కొద్దిగా వంచి, లేని చెక్కతో లేని ఉప్పు లాగుతూ నాలుగో చరణం పాడుతోంది.

*పొద్దంతా పోసినా నిండదే మామా,*
*రేపు నీ మనవడిదీ ఇదే గంపా మామా?*

ఒక్క గంపే, ఒక్క గంపే, ఓ మామా, అని తన పక్కనే ఎవరో గొంతెత్తి పాడుతున్నారు. ఎవరా అని చూసేసరికి అది తన గొంతే. ఆ ఊపు అతనికి ఉయ్యాల్లోనే ఒంటబట్టింది. మాటలు ఎప్పుడు నేర్చుకున్నాడో తెలియదు, నేర్చుకున్నట్టే గుర్తులేదు. చీర ఉయ్యాల సందులోంచి కనబడే తెల్లటి ఎండ, అటూ ఇటూ కదిలే పెద్దమ్మ వీపు గుర్తొచ్చాయి. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అది తాళమనుకుని సౌండ్ ఆపరేటరు వాల్యూమ్ పెంచాడు.

పాట అయిపోయాక అన్ని చప్పట్లు ఆ మైదానంలో ఏ నాయకుడికీ పడి ఉండవు. పెద్దమ్మ వేదిక దిగి వచ్చి, "ఒక్క చరణమే అనుకున్నానురా, మధ్యలో తెగలేదు" అంది.

*

మర్నాడు పీఆర్వో రాజీనామాకు మనసులో మాటలు కూర్చుకుంటూ మంత్రిగారి ఇంటికి వెళ్ళాడు. మంత్రిగారు చీదరించుకోలేదు, అరవలేదు. పాలిపోయిన మొహంతో సోఫాలో కూర్చుని ఉన్నారు.

"రాసుకో. పాటలో మామ మా తాత కాదు."

"మరి ఎవరు సార్?"

"ప్రతిపక్ష నాయకుడి తాత. వాళ్ళదీ ఆ మడుల పక్క ఊరే కదా! ఆయన మామ, మావాడు... మావాడు ఆ పక్కన ఇంకేదో."

"నిరూపించమంటే సార్?"

"వాడు కాదని గొంతు చించుకోవాలి. చించుకున్నకొద్దీ జనం వాడేననుకుంటారు. రాజకీయాల్లో ఆమాత్రం నేర్చుకోలేదా ఇన్నాళ్ళూ?"

పీఆర్వో రాశాడు. మంచి ప్రకటన. చదివినవాళ్ళెవరికైనా అడుగులేని గంప వెనక ప్రతిపక్ష నాయకుడి పోలికలు కళ్ళకు కట్టేలా ఉంది. అది విడుదల చేసి, పరువునష్టం కేసు కోసం అందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు.

సాయంత్రానికి ప్రతిపక్ష నాయకుడు టీవీలో కనిపించారు. గొంతు జీరబోయింది.

"అవును, ఆయన మా తాతే. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. కొండంత ఉప్పును ఒక్క గంపలో పెట్టిన మొనగాడు ఈ గడ్డ మీద ఇంకొకడుంటే చూపించమనండి! ఒక మామూలు గంప, ఒక మామూలు గుంట. చదువు లేదు, యంత్రం లేదు, బుర్ర ఒక్కటే. ఇవాళ ఊరూవాడా పాడుకుంటున్నది ఆయన్నే. అలాంటి మా తాతను అధికార పార్టీ ఇన్నాళ్ళూ దొంగిలించి వాళ్ళ తాతగా చెలామణి చేసుకుంది. పోనీలే, చివరికి వాళ్ళ నోటితోనే ఒప్పుకున్నారు. కృతజ్ఞతలు."

మంత్రిగారి ఇంట్లో టీవీ ఆపేశారు.

"సర్వే తెప్పించాను సార్" అన్నాడు కమిటీగారు నెమ్మదిగా. "పాట జనానికి పిచ్చిపిచ్చిగా నచ్చింది. ముఖ్యంగా గుంట చరణం. మామ అంటే పడిచస్తున్నారు. ఎవరి తాతో తేలితే ఓట్లు అటే."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. మొహంలోకి రక్తం వచ్చింది.

"మా తాత కాదని ఎవడన్నాడు?"

"మీరే సార్, పొద్దున..." అన్నాడు పీఆర్వో.

"ఆవేదనలో అన్నాను. కొట్టెయ్. ఆ మీసాలు ఎవరివి? ఫోటో ఎవరి ఇంట్లో ఉంది? చెదలు కూడా ముట్టుకోలేకపోయిన మీసాలయ్యా అవి!"

ఆ వారమంతా వీధుల్లో రెండు ఊరేగింపులు నడిచాయి. ఒకదాంట్లో మీసాలు పెట్టుకున్నవాళ్ళు, రెండోదాంట్లో అడుగులేని గంపలు మెడలో వేసుకున్నవాళ్ళు. రెండూ ఎదురుపడ్డ చోట 'మీ తాత నిజాయితీపరుడు' అని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. ఆ తిట్టు పడ్డాక రెండు చోట్ల తలకాయలు పగిలాయి. ఇది శాంతిభద్రతల సమస్య అయింది. రిటైర్డ్ జడ్జిగారు ఛైర్మన్‌గా విచారణ సంఘం ఏర్పాటైంది. ఉప్పు మడుల్లో అడుగులేని గంప పెట్టిన మహానుభావుడు ఎవరి తాతో తేల్చాలి. ఏకైక సాక్షి పెద్దమ్మ. తక్కిన ఇద్దర్నీ పిలవలేదని వాళ్ళు పెద్దమ్మతో మాట్లాడటం మానేశారు.

*

విచారణ గది చిన్నది. ఎడంపక్క మంత్రిగారి తాలూకు లాయరు, కుడిపక్క ప్రతిపక్షం లాయరు, కిటికీ దగ్గర ఫ్యాను. పెద్దమ్మకు తోడుగా పీఆర్వోను లోపలికి రానిచ్చారు. ఛైర్మన్‌గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఎన్నో చిక్కు కేసులు చూసిన మనిషి, మొహంలో ఏ భావమూ ఉండదు.

"చెప్పమ్మా. భయపడకు. కొలిచినాయన ఈయన తాలూకా, ఆయన తాలూకా?"

పెద్దమ్మ ఇద్దరు లాయర్లనూ మార్చి మార్చి చూసింది. ఎవరినీ నొప్పించడం ఆమెకు ఇష్టంలేదు.

"ఇద్దరూనూ బాబూ."

"ఇద్దరూ ఎలా అవుతారు?"

"మీసాలాయన కొలిచేవాడు. రెండో ఆయన గుంట తవ్వేవాడు. ఒక్కడి వల్ల అయ్యే పనా అది? పాపం ఇద్దరూ ఒక్క మాట మీద ఉండేవాళ్ళు. ఒక్కనాడు పోట్లాడుకోగా చూడలేదు."

లాయర్లిద్దరూ లేచారు. ఫోన్లు చెవులకు పెట్టుకుని వరండాలోకి వెళ్ళారు. అటు ఒకరు, ఇటు ఒకరు మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గరికొచ్చారు. కాసేపటికి ఫోన్లు ఒకరివి ఒకరు మార్చుకుని మాట్లాడారు. తిరిగివచ్చి తమ కక్షిదారులకు ఏ అభ్యంతరమూ లేదన్నారు. మడుల దగ్గర రెండు విగ్రహాలూ పక్కపక్కనే పెడతారు, మధ్యలో గంప. వచ్చే శాసనసభ సమావేశాల్లో తీర్మానం ఏకగ్రీవం. ఆ సభలో ఏకగ్రీవమైన తీర్మానం ఈ మధ్యకాలంలో ఒక్కటీ లేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని కబురు చెప్పడానికి మెట్లు దిగారు.

గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. పీఆర్వో పెద్దమ్మకు చెప్పులు అందించాడు. ఆమె లేవబోతోంది.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నారు ఛైర్మన్‌గారు.

ఆయన తనే లేచివెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పీఆర్వో ఉన్నాడని గుర్తొచ్చినట్టు అతని వైపు ఒకసారి చూసి, పర్వాలేదనుకున్నట్టు మళ్ళీ పెద్దమ్మ వైపు తిరిగారు. ఎన్నడూ ఏ భావమూ ఎరగని ఆ మొహం కాస్త ఎర్రబడింది.

"మా తాతగారు కూడా అక్కడే ఉండేవారని మా నాన్నగారు అనేవారు. గేటు దగ్గర. బయటికి వెళ్ళే ఆడవాళ్ళ కొంగులు విదిలించి చూసేవారట, ఉప్పు కట్టుకుపోతున్నారేమోనని." గొంతు సవరించుకున్నారు. "ఆయన మీద... పాటలో ఎక్కడైనా... ఒక్క చరణమైనా..."

పెద్దమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. గుర్తుపట్టింది.

"చరణమేమిటి బాబూ? ఆయనకు వేరే పాటే ఉంది."

ఛైర్మన్‌గారు కుర్చీ ఆమెకు దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. పెద్దమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది. ఆయన కళ్ళు మూసుకుని, బల్ల మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టారు.